అశోకవనం, ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం

కరీంనగర్
జూలై 6

కైలాసం బావకు సదానందం దండం పెట్టి రాసేది.

గుర్తుపట్టావా బావా? మన ఊరి సదానందాన్ని. చిరుతల రామాయణంలో నువ్వు రాముడివి, నేను సీతను. మీ తమ్ముని కొడుకు పెళ్లికార్డు నాగరాజు ఇంట్లో చూశాను. దాని మీద నీ అడ్రసు దొరికింది.

మొన్న శనివారం బిడ్డ జమునను కోరుట్ల బండి ఎక్కించడానికి స్టేషన్‌కు పోయాను. కరీంనగర్ స్టేషన్ ఇప్పుడు చూస్తే గుర్తుపట్టవు. అద్దాల పెట్టెలో వెండితీగెతో అల్లిన నెమలి పెట్టారు. కూర్చునే హాల్లో ఒక చేమగ్గం. జనం టికెట్లు చేతిలో పట్టుకుని ఆ మగ్గం చుట్టూ నిలబడుతున్నారు. ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం మీద ఒగ్గువాళ్లు డోలు కొట్టి మల్లన్న కథ చెప్తున్నారు. బండికి ఇంకా ముప్పావుగంట ఉంది. ఒక్కరూ గడియారం చూడటం లేదు.

నేను స్తంభం చాటున నిలబడి విన్నాను. బండి వచ్చింది. జమున ఎక్కింది. బండి పోయింది. నేను ఇంటికి పోలేదు.

అక్కడ అనసూర్య అని స్టేషన్ మేడం ఉంది. ఇదంతా ఆమె పెట్టించిందే. నా దగ్గరికి వచ్చి, "తాతా, ఇందాకటి సంది చూస్తున్న, చేతులతోని తాళమేస్తనే ఉన్నవ్. నీకేమన్న వస్తదా?" అని అడిగింది.

ఏం చెప్పాలో తెలియక "నేను సీతను" అన్నాను.

బెంచీ మీది వాళ్లంతా నవ్వారు. మేడం నవ్వలేదు. "మరి మిగతా రామాయణం ఏది?" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు బావా. పొద్దున్నే లేచి మన ఊరికి పోయాను. రావణుడు ఓంప్రకాశ్ ఉన్నాడు, ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాడు. హనుమంతుడు నాగరాజు ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. ఇద్దరూ ఎగిరి గంతేశారు. మేడం ప్రతి శనివారం పొద్దటిపూట అరగంట ఇస్తానంది.

అయితే మొదటి నుంచి మొదలుపెట్టడానికి లేదు. ఎత్తుకున్న రామాయణం పట్టాభిషేకం దాకా పోకుండా ఇంకొకటి ఎత్తుకోవద్దని ఆట నేర్పుతూ పరశురాములు పంతులు ఎన్నిసార్లు చెప్పాడు మనకు. మనది ఆరోనాడు ఆగిపోయింది. నన్ను అశోకవనంలో కూర్చోబెట్టి నువ్వు మస్కట్ పోయావు. నలభై ఐదేండ్లయింది. నేను ఇంకా అక్కడే ఉన్నాను.

నువ్వు రావాలి.

సదానందం


ఆదిలాబాద్
జూలై 21

బామ్మర్ది సదానందానికి కైలాసం బావ చెప్తుంటే మనుమరాలు హర్షిణి రాస్తున్నది. నాకు కండ్లు సరిగ ఆనుతలేవు. అందుకే చెప్పుడు నాది, రాసుడు దానిది.

ఓరి నీ! నువ్వు ఉత్తరం రాసినవా? గిన్ని మాటలు నీ దగ్గర ఉన్నయా? మనం ఆట నేర్చుకునేటప్పుడు నీ నోట్ల నుంచి ఒక్క మాట రావాలంటే ముందుగాల మద్దెల కొట్టాలె. పదమైతే కోయిల లెక్క పాడేటోనివి, "అన్నం తిన్నవా" అంటే మాత్రం తలకాయ ఊపేటోనివి.

ఓంప్రకాశ్ గాడు కండక్టరయిండా! సరిపోయింది. గా గొంతుకు బస్సే తక్కువ. (తాత ఇక్కడ ఆయన్ని ఒక మాట తిట్టిండు. నేను రాయలేదు. హర్షిణి.)

నీ ఉత్తరం మూడుసార్లు చదివిచ్చుకున్న. స్టేషన్ల మగ్గమంటే నాకు నమ్మబుద్ధి అయితలేదు. మనం రైలంటే మూటలు, ముంతలు, దొబ్బుకునుడు అనుకున్నం. రైలుకు పోయినోడు మల్లన్న కథ ఇనుకుంట నిలబడ్డడంటే మంచి దినాలే వచ్చినయ్.

కానీ నేను రాను. నాకు డెబ్బై రెండు. గీ వయసుల దశరథునికి గుడ పనికిరాను, రాముడెక్కడిది? పడుసు పిలగాడు ఎవడన్న దొరుకుతడు, చూసుకోండ్రి. ఈడ వానలు మస్తు పడుతున్నయ్. ఇల్లు కురుస్తున్నది. వరసకు మీ అక్క, బాలలక్ష్మి నిన్ను అడిగిందని రాయిమన్నది.

కైలాసం


కరీంనగర్
ఆగస్టు 10

బావా,

నిన్న మొదటి శనివారం అయింది.

ఊరి నుంచి పన్నెండు మంది వచ్చారు. మన ఆట గుండ్రంగా తిరిగే ఆట కదా. ప్లాట్‌ఫారమేమో పొడుగు. నడుమ స్తంభాలు. అంచుకు పసుపు గీత, అది దాటొద్దు. ఓంప్రకాశ్ అడుగులతో కొలిచి, "కోడిగుడ్డు లెక్క తిరుగుదాం" అని తేల్చాడు. చిరుతలు చేతపట్టి అందరూ కోడిగుడ్డు తిరిగారు. ఆ చెక్కల చప్పుడు పైరేకులకు తగిలి ఎట్లా మోగిందనుకున్నావు! టికెట్ల కిటికీ దగ్గర వరసలో ఉన్నవాళ్లు వరస విడిచి వచ్చారు.

వేషాలు ఇంకా కుట్టించలేదు. నేను మూడో స్తంభం కింద తల మీద తువ్వాల కప్పుకుని కూర్చున్నాను. కండ్లు మూసుకుని సీత దుఃఖం పదం ఎత్తుకున్నాను. ఇంతలో బండి వస్తోందని మైకులో చెప్పారట. మేడం మాట ప్రకారం అందరూ ఆట ఆపి పక్కకు జరిగారు. నాకు తెలియదు. కండ్లు తెరిస్తే కదా. నేనొక్కణ్ణే ఏడుస్తూ పాడుతున్నాను.

బండి దిగిన ఒకామె నా ముందు గంప దించింది. పేరు లస్మవ్వ. మెట్‌పల్లి నుంచి శనివారం శనివారం బిడ్డ ఇంటికి వస్తుందట.

"ఏమైందన్నా? ఎందుకేడుస్తున్నవ్? ఎవలు ఇడిసిపెట్టి పోయిండ్రు నిన్ను?" అంది.

రాముడు అనాలి. నా నోటికి "కైలాసం" అని వచ్చింది.

"గా కైలాసమెవడు? కొడుకా?"

"కాదు."

"మరేమైతడు?"

నేను వేషంలో ఉన్నాను బావా. వేషంలో ఉండి అబద్ధం చెప్పొద్దు కదా. "పెనిమిటి" అన్నాను.

లస్మవ్వ రెండు అడుగులు వెనక్కి పోయింది. మళ్లీ దగ్గరికి వచ్చింది. "ఎటు పోయిండు?"

"మస్కట్."

"ఎన్నేండ్లాయె?"

"నలభై ఐదు."

ఆమె గంపలో నుంచి రెండు జొన్నరొట్టెలు తీసి నా ఒళ్లో పెట్టింది. పోయి పోలీసాయన్ని పిలుచుకొచ్చింది. "సారూ, గీ పెద్దమనిషికి తలకాయ కరాబైంది, జర ఇంటికి తోలిచ్చుండ్రి" అంటోంది. ఓంప్రకాశ్ ఉరికి వచ్చాడు. "సార్ సార్, ఆయన సీత!" అన్నాడు. పోలీసాయన నన్ను చూసి, ఓంప్రకాశ్‌ను చూసి, "మరి నువ్వెవలు?" అన్నాడు. "నేను రావణున్ని సార్." "అయితే ఇద్దరు నడువుండ్రి" అన్నాడు.

ప్లాట్‌ఫారం అంతా నవ్వే. లస్మవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రొట్టెలు మాత్రం వాపసు తీసుకోలేదు. పోతూ పోతూ, "గా కైలాసం దొరికితే మల్ల శనివారం నాకు చెప్పు" అంది.

నువ్వు వస్తే చెప్తాను.

సదానందం


ఆదిలాబాద్
ఆగస్టు 24

సీతమ్మా,

నీ ఉత్తరం హర్షిణి చదివింది. సగం చదివి నవ్వుకుంట కింద కూసున్నది. మిగిలింది బాలలక్ష్మి చదివింది. చదివి కండ్లద్దాలు తీసి, "నాకు సవతి ఉన్నదని నలభై ఐదేండ్లు ఒక్క మాట చెప్పకపోతివి" అని నన్ను మందలిచ్చింది. ఆ దినం నాకు చాయ పొయ్యలే.

మా వాడకట్టుల సగం మంది మరాఠీ మాట్లాడుతరు. పక్కింటి అనుబాయికి గుడ గీ కథ చెప్పినం. ఆమెకు తెలుగు సగమే వస్తది, నవ్వు మాత్రం పూర్తిగ వచ్చింది. ఇప్పుడు రోజు పొద్దుగాల గోడ మీదికెళ్లి "సీతా కశీ ఆహే?" అని అడుగుతున్నది. సీత ఎట్లున్నదని. మంచిగున్నదని చెప్తున్న.

రమ్మని రాసినవ్. పత్తి సీజన్ దగ్గరికొచ్చింది. జిన్నింగ్ మిల్లుల నా వాచ్‌మన్ పని ఇడిసిపెట్టి వచ్చుడు కాదు. జర అర్థం చేసుకో. కింద నా ఫోన్ నంబర్ రాయించిన. ఉత్తరాలెందుకు, ఫోన్ చెయ్యి.

కైలాసం


కరీంనగర్
సెప్టెంబర్ 21

బావా,

ఫోన్ చేశాను. సోమవారం పొద్దున. నువ్వు "హలో, ఎవలు?" అన్నావు. నీ గొంతు అట్లనే ఉంది. నువ్వు మళ్లీ "హలో" అన్నావు. పెట్టేశాను. బుధవారం కూడా చేశాను. అది కూడా నేనే. రెండోసారి నువ్వు తిట్టావు.

కాగితం మీదైతే ఎదురుగా ఎవరూ ఉండరు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఆట ఎట్లా నడుస్తోందో చెప్తే నమ్మవు. శనివారం ఎక్కాల్సిన బండి విడిచిపెట్టి తరువాతి దానికి పోయేవాళ్లు తయారయ్యారు. ఒక డాక్టరు పిల్ల తెల్లకోటు మీదనే కోడిగుడ్డులో కలిసి తిరిగింది. మొన్న నేను అశోకవనంలో జర అంచుకు జరిగితే పోలీసాయన "తాతా, గీత దాటకు" అన్నాడు. ఓంప్రకాశ్ పది తలకాయల అట్టతోనే వెనక్కి తిరిగి, "గా మాట లక్ష్మణుడు చెప్తేనే ఇనలే, నువ్వు చెప్తే ఇంటదా?" అన్నాడు. పోలీసాయన లాఠీ చంకలో పెట్టి చప్పట్లు కొట్టాడు.

అయితే బావా, ఆట ముందుకు పోవడం లేదు. ఏడు శనివారాల నుంచి అశోకవనమే. రావణుడు వస్తాడు, బెదిరిస్తాడు, పోతాడు. మేడం నిన్న, "తాతా, గీ అశోకవనం ఇంకా ఎన్ని వారాలు?" అని నెమ్మదిగా అడిగింది. లస్మవ్వ ప్రతి శనివారం గంప దించి "దొరికిండా?" అంటుంది. పడుచువాణ్ణి ఎవరినైనా రాముణ్ణి చేద్దామని ఊరివాళ్లు అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. మొదలుపెట్టిన రాముడే ముగించాలి.

అందుకే హనుమంతుణ్ణి పంపుతున్నాను. నాగరాజు వచ్చే గురువారం బస్సుకు వస్తాడు. వాడి చేతికి నా చిరుతల్లో ఒకదాన్ని ఇచ్చాను. గుర్తు కోసం. తోటిది నా దగ్గర ఉంది.

సదానందం


ఆదిలాబాద్
అక్టోబర్ 5

సదానందానికి,

హనుమంతుడు వచ్చిండు. లంక కాల్చలే గని నాలుగు రొట్టెలు, గిన్నెడు శెనగపప్పు కూర ఖాళీ చేసిండు. నన్ను చూసి ఏడ్చిండు. నేను గుడ ఏడ్చిన. నీ చిరుత అందింది. దాని పిడి మీద నీ చెయ్యి పట్టి అరిగిన గుర్తు అట్లనే ఉన్నది.

నా జత గుడ నా దగ్గర ఉన్నదని నీకెప్పుడు చెప్పలే. మస్కట్ పోయేటప్పుడు బట్టల నడుమ పెట్టుకొని పోయిన. ఆడ పందొమ్మిదేండ్లు మెత్త కింద పెట్టుకొని పండుకున్న. అండ్ల ఒకటి నాగరాజు చేతికిచ్చి పంపిన.

నేను రాను సదా. గిప్పుడు నిజం చెప్తున్న, వాన, పత్తి అన్నీ ఉత్తవే. మస్కట్‌కు రమ్మని టెలిగ్రాం వచ్చిన దినం నీతోని పంతులుకు కబురు పంపిన. యాదికున్నదా? పగటిపూటనే నాకు పట్టాభిషేకం చేసి సాగనంపుమని. బస్సుకు నాలుగు గంటల టైమున్నది. పెట్టె సదురుకొని గడప మీద కూసున్న. పంతులు పిలుస్తడు, పిలుస్తడని. బస్సు హారన్ కొట్టిందాక చూసిన. పిలవలే. సొంత కొడుకు లెక్క నేర్పినోడు పొమ్మని గుడ అనలే.

తరువాత సెలవు మీద వస్తే ఊరు ఊరంతా "పారిపోయిన రాముడు వచ్చిండు" అన్నరు. చిన్న పోరగాండ్లు గుడ అన్నరు. గందుకే అత్తగారి ఊరని ఆదిలాబాద్‌ల పడ్డ. మల్ల గా మొఖాల ముందల కిరీటం పెట్టుకొని ఎట్ల నిలబడుదు?

కైలాసం


కరీంనగర్
అక్టోబర్ 19

బావా,

నాగరాజు వచ్చాడు. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా స్టేషన్‌కే వచ్చాడు. శనివారం కదా. "చూసిన రాముణ్ణి" అని రాగం తీసి నీ చిరుత నా చేతిలో పెట్టాడు. జనం ఈలలు వేశారు. ఆట అయినాక మాత్రం నా మొఖం చూడటం లేదు. "బావ ఎట్లున్నడు?" అంటే "ఒట్టేసిన, అడగకు" అన్నాడు. అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఇది హర్షిణితో ఒంటరిగా చదివించుకో.

పంతులు నిన్ను పిలవకపోవడం కాదు. పంతులుకు తెలియదు.

నువ్వు చెప్పగానే నేను పోయాను. పంతులు అరుగు మీద కూర్చుని కిరీటానికి తళుకు కాగితం అతికిస్తున్నాడు. "ఏం సదా?" అన్నాడు. "ఏం లేదు" అన్నాను. పక్కన కూర్చున్నాను. ఒక్కొక్క తళుకు అందించాను. "కైలాసం తలకు ఇది సరిపోతదా?" అని అడిగాడు. తల ఊపాను. మాట గొంతు దాకా వచ్చింది, లోపలికి పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. బస్సు హారన్ నేను కూడా విన్నాను. ఆయన చేతికి ఇంకో తళుకు అందించాను.

ఆ సాయంత్రం ఊరంతా వచ్చి కూర్చుంది. రాముడు పారిపోయాడన్నారు. నేను చెప్పలేదు. నువ్వు సెలవుకు వస్తే అన్నారు. అప్పుడూ చెప్పలేదు. పంతులు పోయే ముందు కిరీటం నా చేతికిచ్చి, "చెప్పి పోతే కిరీటం పెట్టి సాగనంపకపోదునా" అన్నాడు. నిన్ను తిట్టలేదు బావా. ఒక్కనాడూ తిట్టలేదు. అప్పుడు కూడా నేను చెప్పలేదు.

తరువాత సిరిసిల్లలో మరమగ్గాల మీద ముప్పై ఏండ్లు పనిచేశాను. ఆ చప్పుడులో పక్కవాడి మాట వినపడదు. అక్కడ రోజూ సీత పదాలు పాడుకున్నాను. పట్టాభిషేకం దాకా రోజూ పాడుకున్నాను. నాకు ఒక్క అక్షరం పోలేదు.

తప్పు నాది. ఊరికి కూడా చెప్పాను. ఈ శనివారం ఆట మొదలుకాక ముందు అందరినీ ఆపి, ప్లాట్‌ఫారం మీదనే చెప్పాను. ఎట్లా చెప్పానో నాకు తెలియదు.

సదానందం


ఆదిలాబాద్
నవంబర్ 9

సదానందం,

ఇది నా చేతిరాత. గీతలు వంకర పోతయ్, చదువుకో.

నీ ఉత్తరం అందినంక మూడు దినాలు నీ మీద మస్తు కోపంగ ఉన్న. మంచి మనిషి మీద నాతోని నలభై ఐదేండ్లు కోపం పట్టించినవ్. పంతులు పోయిండని తెలిసి గుడ నేను రాలే. గది నువ్వు వాపస్ ఇయ్యలేవు. నేను గుడ ఆయనకు ఇయ్యలేను.

నాలుగో దినం నాకే సిగ్గయింది. పంతులు ఇల్లు మా ఇంటికి నాలుగిండ్ల అవుతల. నేనెందుకు పోలే? నా కాళ్లు నాకు లేవా? ఆయన మొఖం చూడ భయపడి, మాట రానోన్ని మాటకు పంపిన. తప్పు సగం నాది.

నువ్వు ప్లాట్‌ఫారం మీద అందరి ముందల చెప్పినవంటే, గా సదానందమేనా అని హర్షిణిని రెండుసార్లు అడిగిన. నాగరాజుకు ఫోన్ చేసి మల్ల అడిగిన. నిజమే అన్నడు.

గందుకే నేను గుడ ఒకటి చెప్పాలె. నాగరాజుతోని ఒట్టేయించుకున్నది గిదే. షుగర్ తోని రెండేండ్ల కింద నా కుడికాలు మోకాలి కిందికి తీసేసిండ్రు. మిల్లు పని అప్పుడే పోయింది. మంచం, కుర్చీ, గంతే. చిరుతలాటల రాముడంటే అడుగు మీద అడుగు. ఒంటికాలి రాముణ్ణి ఎవలన్న చూసిండ్రా? నువ్వు కోరుకున్న రాముడు లేడు సదా. ఇంకొకన్ని చూసుకో. ఈసారి కోపంతోని అంటలేను.

కైలాసం


కరీంనగర్
నవంబర్ 14

బావా,

యుద్ధంలో రాముడు హనుమంతుని భుజం మీద ఉంటాడు. పట్టాభిషేకంలో సింహాసనం మీద ఉంటాడు. నిలబడే పని ఎక్కడుంది?

నువ్వు రాలేవు. సరే. మేము వస్తాం. నీ ఊళ్లో కూడా స్టేషన్ ఉంది కదా. పైగా పట్టాలు అక్కడికి అయిపోతాయి. మేడం మీ స్టేషన్ వాళ్లతో మాట్లాడింది. డిసెంబర్ రెండో ఆదివారం పొద్దటిపూట ఒప్పుకున్నారు. చక్రాల కుర్చీ వాళ్ల దగ్గరే ఉందట.

పదిహేను మందిమి టికెట్లు తీశాం. నిజామాబాద్‌లో బండి మారాలి. ఆ బండి నడుమ మహారాష్ట్రలోకి పోయి మళ్లీ మన దగ్గరికి వస్తుందట. లస్మవ్వ తన పెట్టెలో నుంచి పచ్చచీర తీసి ఇచ్చింది. "కైలాసం ముందలికి గా తువ్వాలతోనే పోతవా?" అని తిట్టింది.

కిరీటం తీసి తుడిచాను. తళుకులు నాలుగే ఊడాయి. అతికించాను.

సదానందం


ఆదిలాబాద్
డిసెంబర్ 18

బామ్మర్దీ,

హర్షిణీ, బిరాన రాయి, నా నోరు ఆగుతలేదు.

నువ్వు ఆదివారం మొత్తం తలకాయ ఎత్తలే. బండి దిగినకాడి నుంచి మల్ల ఎక్కిందాక పచ్చచీర కొంగు ముక్కు మీదికి గుంజుకొనే ఉన్నవ్. నాతోని గుడ మూడే మాటలు మాట్లాడినవ్. అందుకే నువ్వు చూడనియన్ని చెప్తున్న, ఇను.

నా కుర్చీ చక్రాలకు హర్షిణి బంగారు కాగితం చుట్టింది. నాగరాజు ఎనుకకెళ్లి దొబ్బుతుంటే ప్లాట్‌ఫారం గీ కొస నుంచి గా కొసకు యుద్ధం చేసిన. ఒక్కొక్క బాణానికి వాడు "జై శ్రీరాం" అని కుర్చీ గిర్రున తిప్పుడు. రెండుసార్లు పడబోయిన. బాలలక్ష్మి ఎనుకకెళ్లి "మెల్లగ, మెల్లగ! ఉన్న కాలన్న ఉండనియ్!" అని ఒర్లుడు. ఓంప్రకాశ్ గాడు బాణం తగిలినంక పావుగంట సచ్చిండు. పడుతడు, లేస్తడు, ఇంకో పదమెత్తుకుంటడు. ఆఖరుకు పడ్డంక ఒకామె వాని పక్కన సంచి పెట్టి, "అన్నా, సామాన్ చూస్తుండు, నీళ్లు తెచ్చుకుంట" అని పోయింది. సచ్చిన రావణుడు సంచికి కావలి ఉన్నడు.

జనం ఎంతమంది అనుకుంటున్నవ్? మా బండి ఈడికే ఆఖరు గదా. దిగినోళ్లు ఇంటికి పోతలేరు, ఎక్కెటోళ్లు ఎక్కుతలేరు. పత్తి ఏరే పనికొచ్చిన ఆడోళ్లు మూటల మీద కూసొని చూసిండ్రు. స్టేషన్ సార్ చేతుల జెండాలు చంకల పెట్టుకొని నిలబడ్డడు.

నువ్వు కిరీటం పెట్టినవ్. నా నెత్తి మీద ఎంటికలు లేవు, కిరీటం కండ్ల మీదికి జారింది. ఓంప్రకాశ్ లేచి వచ్చి తన రుమాలు మడిచి లోపల పెట్టిండు. పంతులు అడిగిండంటివి గదా, తలకు సరిపోతదా అని. సరిపోయింది సదా. జర ఆలస్యంగ సరిపోయింది.

మన పద్ధతి ప్రకారం పట్టాభిషేకానికి చదివింపులు కావాలె గదా. ఓంప్రకాశ్ బస్సుల పిలిచినట్టే పిలిచిండు: "కిన్వట్ పోయే అవ్వ, ఐదు జామపండ్లు! మిల్లు హమాలీలు, బొండుమల్లె దండ! పేరు చెప్పని తమ్ముడు, సగం బిస్కట్ పూడ!" అనుబాయి వచ్చి నాకు బొట్టు పెట్టింది. నీకు పెట్టింది. బాలలక్ష్మికి పెట్టింది. ముగ్గురిని చూసి, ఎవలు అసలు పెండ్లామో తెలువక నాకు ఇంకోసారి పెట్టింది.

పంతులు పేరు నేనే చదివిన. "పరశురాములు పంతులు, కిరీటం." గప్పుడు నువ్వు భుజాలు కదిలిచ్చుకుంట ఏడ్చినవ్. నేను చూసిన.

నాకు ఒకటే కొదువ. నలభై ఐదేండ్లకు కలిసినం, నువ్వు నా మొఖం చూడలే. నేను ఎట్లున్ననో నీకు ఏమెరుక?

కైలాసం


కరీంనగర్
డిసెంబర్ 27

బావా,

ఈ శనివారం స్టేషన్‌లో లస్మవ్వ గంప దించి "దొరికిండా?" అంది. "దొరికిండు" అన్నాను. ఆమె కూర్చుని నా చేత అంతా చెప్పించుకుంది. ఆమె బిడ్డ ఇంటికి పోవడం ఆలస్యమైంది.

ఎత్తుకున్నది అయిపోయింది కనుక ఇక కొత్తది ఎత్తుకోవచ్చు. మేడం మొదటి నుంచి మొత్తం కావాలంది. నేర్చుకుంటామని రైలువాళ్ల పిల్లలు ఆరుగురు వచ్చారు. వాళ్లకు పదాలు నేను చెప్తున్నాను. అడుగులు చెప్పేవాళ్లు కావాలి. కుర్చీలో కూర్చుని చెప్పొచ్చు. ఉగాదికి మొదలు. ఆలోచించుకో.

నీ మొఖం చూడలేదన్నావు. నిజమే, తల ఎత్తలేదు. కిందికే చూశాను.

పట్టాభిషేకం పదం మూడో చరణంలో అడుగు మారుతుంది కదా. అక్కడ మన పన్నెండు మందీ తప్పారు. నాగరాజు కూడా తప్పాడు. కుర్చీ కింద నీ ఎడమ పాదం ఒక్కటే సరిగ్గా వేసింది.

నేను ఆ పాదాన్ని చూసుకుంటూ పాడాను.

సదానందం